కోడలి పెళ్ళి గౌను

ఆ వీధిలో అందరికీ ఆమె కత్తెరమ్మే. బట్టలు కుడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె అనుకునేది. కత్తెర ఆమె చేతిలో కంటే నోట్లోనే ఎక్కువ ఆడుతుంది కాబట్టి వచ్చిందని, కుట్టించుకున్నవాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. రెండూ నిజమే. ఎవరికైనా కొలతలు ఒక్కసారే తీసేది. రెండోసారి టేపు పట్టడం తన పనికే అవమానమని ఆమె పట్టుదల. పాత నోటుపుస్తకం తెరిచి, అందులో ఉన్నదే నమ్మి కత్తిరించేసేది. బిగుతైందని ఎవరైనా నసిగితే, "నా కుట్టులో తేడా లేదు, నీ తిండిలో ఉంది" అని నోరు మూయించేది.

భర్త చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయేనాటికి కొడుక్కి ఇంకా నడక రాలేదు. ఆ ఏడాదే ఆమె చర్చి గడప తొక్కింది. దేవుడంటే ఆమెకు భయం కంటే చనువెక్కువ. మిషను తొక్కుతూ, పక్కగదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. కోపమొస్తే కోప్పడేది కూడా. కొడుకు కరెంటు పని నేర్చుకుని, ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయిని చేసుకున్నాడు. ఆ పెళ్ళికి గౌను కత్తెరమ్మే కుట్టింది. మనవరాలికి రెండేళ్ళు నిండకముందే, స్తంభం మీద పనిచేస్తూ అతను పోయాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ రెండు గదుల్లో అత్తాకోడళ్ళు ఒకరి ఏడుపు ఒకరి కంటపడకుండా బతికారు. కోడలు డ్యూటీ దిగి వచ్చేసరికి బల్లమీద పళ్ళెం మూతపెట్టి ఉండేది. తిన్నదో లేదో కత్తెరమ్మ చూసేది కాదు. కొడుకు పోయాక ఆమె ఎవరినీ నిదానంగా చూసిందే లేదు.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, కోడలు ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. చర్చిలో పాటలు పాడే డ్రాయింగు మాస్టారు, భార్య పోయినవాడు, తనను చేసుకుంటానని అడిగాడట. బదిలీ మీద వేరే ఊరు వెళ్తున్నాడట.

"మీరు వద్దంటే ఇక్కడితో ఆపేస్తానత్తయ్యా. మళ్ళీ ఆ మాటే ఎత్తను."

"ప్రార్థన చేసి చెప్తా" అంది కత్తెరమ్మ.

చేసింది ప్రార్థన కాదు, పోట్లాట. "మొగుడు వదిలేసి పోయినా ఊరుకున్నా. కొడుకుని తీసుకెళ్ళావు, అప్పుడూ నీ కాళ్ళే పట్టుకున్నా. ఇప్పుడు ఈ తల్లీబిడ్డల మీద కూడా పడిందా నీ కన్ను?" వద్దు అని ఒక్క మాటంటే చాలు, వాళ్ళు తన దగ్గరే ఉండిపోతారు. నాలుగో రోజున "సరే, కానివ్వు" అంది. పాస్టరుగారి ముందు చెడ్డ అనిపించుకోలేక అన్నదే తప్ప మనసొప్పి కాదు. గౌను తనే కుడతానంది. కుడుతున్నంతసేపూ ఈ పెళ్ళి ఎలాగైనా చెడిపోతే బాగుండునని కోరుకుంది. ఆ కోరిక దేవుడికి తెలియకుండా దాచాననుకోవడం ఒట్టి పిచ్చితనం.

పెళ్ళి వారం ఉందనగా కోడల్ని గౌను తొడుక్కోమంది. భుజాల మీద నిలవలేదు. నడుం దగ్గర పట్టుకుంటే గుప్పెడు గుడ్డ చేతిలోకి వచ్చింది. మొదటి పెళ్ళినాటి కొలతలు చూసి కత్తిరించేసింది మరి! కత్తెరమ్మ టేపు తీసింది. నడుం ఐదంగుళాలు తగ్గింది.

"ఎప్పుడే ఇలా అయిపోయావు?"

"మీరు సరిగా తినరు కదత్తయ్యా. మిమ్మల్నలా చూశాక నాకు ముద్ద దిగేది కాదు."

"మరి పళ్ళెంలో పెట్టిందంతా?"

"పొద్దున్నే పట్టుకెళ్ళి వార్డులో ఆయమ్మకి ఇచ్చేదాన్ని. మీకు చెప్తే బాధపడతారని..."

కత్తెరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఊరందరి కొలతలూ తెలిసిన మనిషి, ఇంట్లో పిల్ల కళ్ళముందే కరిగిపోతుంటే చూడలేదు. తన కొడుకు పోయాడని ఏడ్చింది. ఈ పిల్ల మొగుడు పోయాడని తను ఒక్కనాడైనా ఏడ్చిందా? కోడల్ని ఆ వదులు గౌనుతోనే దగ్గరకు లాక్కుంది.

"వెళ్ళు తల్లీ. వెళ్ళి కడుపునిండా తిను."

ఈసారి మనసొప్పే అంది. ఒప్పుకున్నంత మాత్రాన నొప్పి తగ్గదని కూడా ఆ వారంలోనే తెలిసింది.

పెళ్ళయిన మధ్యాహ్నమే వాళ్ళు బయల్దేరారు. మాస్టారి ఒళ్ళో కూర్చున్న మనవరాలు కారు కిటికీలోంచి, "నానమ్మా, రేపొచ్చేస్తాగా!" అని చెయ్యి ఊపింది. ఎవరూ కాదనలేదు.

కత్తెరమ్మ ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, మిషను పక్కన మోకరించింది. కోడల్ని కాపాడమంది. మనవరాలిని కాపాడమంది. మాస్టారి దగ్గరకొచ్చి ఆగిపోయింది. కోడలి మొగుడు తనకేమవుతాడు? కొడుకు అందామంటే నోరు రాలేదు. ఆ చోటు ఇంకా తన బిడ్డదే. కోడల్ని కూతురనుకుంటే తప్ప అతనికి వరస కుదరదు. చివరికి, "నా అల్లుణ్ణి కూడా చల్లగా చూడయ్యా" అంది. అన్నాక నేలకు తల ఆనించి, పోయిన కొడుకును పేరు పెట్టి పిలుస్తూ గట్టిగా ఏడ్చింది.