మైనం కింద హెడ్మాస్టరు

ఆ రోజు మైనం పిన్ని నోట్లో దూది ఉంది.

పొద్దున్నే దవడ పన్ను పీకించుకుంది. సాయంత్రం దాకా నోరు మెదపొద్దన్నాడు పళ్ళ డాక్టరు. ఆమె వీధి మలుపు తిరిగేలోపే ఆ కబురు ఇంటింటికీ చేరిపోయింది. ఎదురింటి టైలరైతే, పక్క పన్ను కూడా కదులుతోందేమో ఓసారి చూడమని డాక్టరుకి చెప్పి రానా అని ఆమె భర్త బోర్డు బాబాయిని అడిగాడు. బాబాయి నవ్వలేదు. ఆయనకి ఆ రోజు చేతినిండా పనుంది, పైగా పక్కనే ఉండి సాధించే నోరు మూతపడి ఉంది. తర్వాత జరిగినదానికంతటికీ మూలం ఆ దూదే.

మైనం పిన్ని బాతిక్ బట్టలు చేస్తుంది. బట్ట మీద ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ కరిగిన మైనం రాసి, బట్టని రంగు తొట్టిలో ముంచుతుంది. తర్వాత మరిగే నీళ్ళలో వేస్తే మైనం ఊడి పైకి తేలుతుంది. మైనం ఉన్నచోటు తెల్లగా మిగులుతుంది. పని అంతా ఇంటి వెనక రేకుల షెడ్డులోనే. మైనం పెనం, నీళ్ళు కాగే డ్రమ్ము, ఏళ్ళ తరబడి మైనం తాగి నల్లబడ్డ పొడవాటి చెక్కబల్ల అక్కడి ఆస్తి. పిన్ని తన ఎడమ కనుబొమ్మ సగం ఎప్పుడో ఆ పెనానికి సమర్పించుకుంది.

ఆమె దగ్గర బట్ట కొన్నవాళ్ళకి చివాట్లు ఉచితం. అచ్చం ఒకేలా ఉండే చొక్కాలు రెండు కావాలని ఒకాయన అడిగితే, "ఒకేలాంటివి రెండు కావాలంటే చెప్పులు కొనుక్కో నాయనా" అని పంపేసింది.

బోర్డు బాబాయి ఒకప్పుడు ఊళ్ళో సగం దుకాణాలకి బోర్డులు రాసిన మనిషి. మెషీన్ మీద అచ్చేసే ప్లాస్టిక్ బోర్డులొచ్చాక ఆయన నిచ్చెనని టైలరు అడిగి పట్టుకెళ్ళాడు. బాబాయి తిరిగి అడగలేదు. అప్పట్నుంచి బజారుకెళితే తల దించుకుని నడుస్తాడు, బోర్డులు కనిపించకుండా. ఇంట్లో ఉంటే షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని సలహాలిస్తాడు.

"మంట తగ్గించవే."

"ముందు మీరు సలహాలు తగ్గించండి."

ఇది చూసి పిన్ని తమ్ముడికి జాలేసింది. తన గోడౌను గేటు దగ్గర బావకి వాచ్‌మన్ పని చూపిస్తానన్నాడు. అనడమే కాదు, టోపీ, ఈల ముందే పంపించేశాడు. "ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెడితే గేటు కూడా కునుకు తీస్తుందిరా" అంది పిన్ని. అది పైకి అన్న మాట. ఓరోజు మధ్యాహ్నం బాబాయి ఆ టోపీ పెట్టుకుని అద్దం ముందు నిలబడటం ఆమె కిటికీలోంచి చూసింది. ఆయన కాసేపు చూసుకుని, టోపీ తీసేసి, అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు. ఆ రోజు పొద్దుగూకే దాకా పిన్ని మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ ఇంట్లో దాన్ని జ్వరం కింద లెక్కేస్తారు.

అలాంటి సమయంలో బడి నుంచి డ్రిల్లు మాస్టారు వచ్చాడు. హెడ్మాస్టరు రిటైరవుతున్నాడట. ఆ సభకి టీచర్లందరూ ఆయన బొమ్మ ఉన్న చొక్కాలు తొడుక్కోవాలట. ఆయనకీ ఒకటి.

"పువ్వులంటే చేస్తాను, చేపలంటే చేస్తాను. మొహాలు నావల్ల కాదు" అంది పిన్ని. "పువ్వు వంకరపోతే ఎవడూ అడగడు. మొహం వంకరపోతే ఆ మొహం ఉన్నవాడే వచ్చి కూర్చుంటాడు."

డ్రిల్లు మాస్టారు తను తెచ్చిన హెడ్మాస్టరు ఫొటో తిరిగి జేబులో పెట్టుకోబోయాడు. అప్పుడు పిన్ని కంట్లో మొగుడు పడ్డాడు. కుర్చీలో కూర్చుని, ఆ ఫొటోనే చూస్తూ, వేలితో కుర్చీ చేతి మీద మీసం దిద్దుతున్నాడు.

"సరే, ఇచ్చి పో" అంది.

ఆ సాయంత్రమే భార్యాభర్తల మధ్య ఒప్పందం కుదిరింది. బొమ్మ బాబాయి పని. అది బాగా వస్తే ఇకమీదట షెడ్డులో స్టెన్సిళ్ళన్నీ ఆయనవే. రాకపోతే సోమవారం నుంచి ఈల.

హెడ్మాస్టరు జుట్టు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అది ఆయన బూట్ల కంటే నల్లగా ఉంటుంది. వానాకాలంలో ఆయన గొడుగు లేకుండా గడప దాటడు. ఎందుకో బడిలో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తరు.

బాబాయి స్టెన్సిల్ కోసం పిన్ని మోకాలి ఎక్స్‌రే ఫిల్ముని కడిగి, దాని మీద హెడ్మాస్టరుని చెక్కాడు. జుట్టు, కనుబొమలు, మీసం, కళ్ళజోడు ఫ్రేము, కనుపాపలు, అన్నీ సన్నటి కత్తితో కోసి తీసేశాడు. ముక్కలు రాలిపోకుండా మధ్యలో పట్టీలు వదిలాడు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం, చెయ్యి ఎక్కడా వణకలేదు. పిన్ని పన్ను పీకించుకొచ్చేసరికి ఆ కంతల్లోంచి చొక్కాలన్నిటి మీదా మైనం కూడా రాసేసి, బల్లమీద పరిచిపెట్టాడు.

పిన్ని చూసింది. మైనం పీల్చుకున్న బట్ట కాగితం నూనె తాగినట్టు పారదర్శకమవుతుంది. కింద ఉన్నది నల్లటి బల్ల. జుట్టు నల్లగా, మీసం నల్లగా, హెడ్మాస్టరు బల్లమీద పడుకుని ఆమెకేసి చూస్తున్నాడు. అచ్చు దిగిపోయింది. ఆమెకి నోట్లో దూది, కళ్ళల్లో మొగుడి మొహం. తలూపింది. ఇరవై ఏళ్ళలో ఆమె ఆలోచించకుండా తలూపింది ఆ ఒక్కసారే.

మర్నాడు పొద్దున ముదురు నీలం తొట్టిలో చొక్కాలు ముంచారు. తొట్టిలోంచి తీసిన తడిబట్ట మీద, మైనం మీద కూడా రంగు బొట్లు నిలబడతాయి కాబట్టి అంతా నీలంగానే కనబడింది. మధ్యాహ్నం మరిగే డ్రమ్ములో వేశారు. మైనం పైకి తేలాక పిన్ని కర్రతో మొదటి చొక్కా ఎత్తింది.

కర్ర చివర హెడ్మాస్టరు నీళ్ళు కారుతూ వేలాడాడు. మొహం నీలం. జుట్టు తెల్లగా, వెండి గిన్నె బోర్లించినట్టుంది. మీసం తెలుపు. కనుపాపలు తెలుపు.

బోర్డు రాసేవాడు స్టెన్సిల్‌ని ఎక్కడ కోస్తే అక్కడ రంగు పడుతుంది. ఇక్కడ ఎక్కడ కోస్తే అక్కడ మైనం పడుతుంది, అంటే రంగు పడదు. బాబాయి ముప్ఫయ్యేళ్ళ అనుభవంతో, ఒక్క పొరపాటూ లేకుండా, మనిషిని తలకిందులు చేశాడు.

"ఇదేంటే?" అన్నాడు బాబాయి.

"మీ హెడ్మాస్టరు. చచ్చి లేచొచ్చాడు."

"నిన్న తలూపావుగా."

"నిన్న నాకు నోరుంటే తలెందుకు ఊపుతాను?"

ఇంకో మాట అనబోయి ఆగింది. ఆయన అప్పటికే మేకు మీదున్న ఈల తీసి చొక్కా కొసతో తుడుస్తున్నాడు.

మళ్ళీ చెయ్యడానికి తెల్ల చొక్కాలూ లేవు, వ్యవధీ లేదు. సాయంత్రం వచ్చిన డ్రిల్లు మాస్టారు ఒక చొక్కా విప్పి చూసి, మళ్ళీ మడతపెట్టేశాడు.

"ఏం బాబూ, తిట్టాలనుంటే నన్ను తిట్టు" అంది పిన్ని. "ఆయన్ననకు."

"తిట్టడం కాదు పిన్నీ. మేము ఇన్నేళ్ళు అనలేనిది మీరు గుండెల మీద అచ్చేసి ఇచ్చారు. ఇది తొడుక్కుని ఆయన ముందు ఎలా నిలబడాలా అని."

"వరసలో నిలబడండి. మీకు డ్రిల్లు అలవాటేగా."

వేరే దారి లేక మూట కట్టుకుపోయాడు. మర్నాడు సభ కాగానే రొప్పుకుంటూ వచ్చాడు.

"హెడ్మాస్టరుగారు చొక్కా చేతిలోకి తీసుకుని కుర్చీలో కూలబడ్డారు పిన్నీ. మా పని అయిపోయిందనుకున్నాను. ఆయనేమో, మా నాన్నగారి ఫొటో మీకెక్కడ దొరికింది అన్నారు."

"ఎవరి నాన్న?"

"ఆయన నాన్నే. చివరి రోజుల్లో అచ్చం ఇలాగే ఉండేవారట. కళ్ళల్లో శుక్లాలు కూడా వదల్లేదు అని ఏడ్చేశారు."

"మీరేమన్నారు?"

"అనడానికి ఎవరికి గుండె ఉంది? లెక్కల టీచరమ్మకి మాత్రం దగ్గొచ్చిందని బయటికి పోయింది. ఇంకా రాలేదు."

పిన్ని వీపు బల్లకానించి, దవడ పట్టుకుని, పన్ను పీకిన చోటు నొప్పెట్టే దాకా నవ్వింది. బాబాయి నవ్వలేదు.

"నేను చెక్కింది ఆయన్ని. ఆయన చూసింది వాళ్ళ నాన్నని. అంటే పని తప్పినట్టే. ఒప్పందం ఒప్పందమే" అన్నాడు.

సోమవారం పొద్దున్న ఆయన టోపీ పెట్టుకుని, ఈల మెడలో వేసుకుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. పిన్ని మైనం పెనం ముందు కూర్చుని, ఏం మాట అంటే ఈ మనిషి ఆగుతాడా అని వెతుక్కుంటోంది. తిట్లు బోలెడున్నాయి. ఆ మాట మాత్రం దొరకట్లేదు. ఇంతలో గుమ్మంలో హెడ్మాస్టరు ప్రత్యక్షమయ్యాడు. ఎండలో జుట్టు తళతళలాడుతోంది.

"నాన్నగారి బొమ్మ చెక్కిందెవరమ్మా?"

"ఈయనేనండీ" అంది పిన్ని, టోపీ కేసి చూపిస్తూ.

హెడ్మాస్టరు వచ్చి బాబాయి చేతులు పట్టుకున్నాడు. "ఆ కళ్ళు ఎలా పట్టుకున్నారండీ మీరు?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు పిన్నికి బాగా తెలుసు. బోర్డులో తప్పు పడితే తనే వెళ్ళి దుకాణదారుకి చెప్పే ముందు సవరించుకునేవాడు, ఆ నిజాయితీ సవరింపు. "అసలు సంగతేంటంటే సార్, అది మీ..."

"ఆయనకి ఇవాళ పన్ను పీకారండీ" అంది పిన్ని. "సాయంత్రం దాకా మాట్లాడకూడదు." తన పన్నుకని తెచ్చుకున్న దూదిలోంచి ఉండ ఒకటి తీసి మొగుడి నోట్లో కుక్కింది.

"అయ్యో, మాట్లాడొద్దు, మాట్లాడొద్దు" అన్నాడు హెడ్మాస్టరు. "మా అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్ళకీ అందరికీ కావాలమ్మా. ఒక్కటే మార్పు. నాన్నగారి మీసం ఇంత ఒత్తుగా ఉండేది కాదు. ఇది ఎందుకో నా మీసంలా ఉంది."

బాబాయి టోపీ తీసి కుర్చీలో పెట్టాడు. ఈల మాత్రం మెడలోనే మరిచిపోయాడు. దూది ఉమ్మేయకుండానే పెన్సిలు వెతుక్కున్నాడు. కొత్త స్టెన్సిల్‌కి ఎక్స్‌రే కావాలంటే టైలరు తన నడుముది తెచ్చిచ్చాడు, దాంతోపాటు నిచ్చెన కూడా.

ఆర్డరు పదకొండు చొక్కాలు. మీసం సన్నగా.