వెల్వెట్ కోటు, యాదగిరి కత్తెర

1986లో మారేడ్‌పల్లిలో నాకు టైలరింగ్ దుకాణం ఉండేది. పెళ్లి సూట్లకు మాకు మంచి పేరు. నేను కటింగ్ మాస్టర్‌ని. పన్నెండేళ్లుగా నా దగ్గర కుడుతున్న యాదగిరికి, నా తర్వాత కటింగ్ టేబుల్ నీదేనని మాటిచ్చాను.

ఆ ఏడాది యాప్రాల్ నుంచి సత్తయ్య పనిలో చేరాడు. ఆహా, ఏం చెయ్యి అది! నెల తిరగకుండానే మా చర్చివాళ్లు కూడా కొలతలు సత్తయ్యనే తీసుకోమనేవారు. నేను పైకి నవ్వేవాణ్ణి కానీ లోపల ఈర్ష్యతో ఉడికిపోయేవాణ్ణి.

ఒక పెళ్లికొడుకు నీలం వెల్వెట్ కోటు చెప్పాడు. సత్తయ్య సుద్దతో గీతలు గీస్తుంటే కసిరి, గుండీలకు కాజాలు కుట్టమని పంపి, నేనే కోశాను. వెల్వెట్‌కి నాప్ ఉంటుంది, అంటే నూగు వాలు. ముక్కలన్నీ ఒకే వాలులో కోయకపోతే ఒకే గుడ్డ రెండు రంగులుగా కనబడుతుంది. పని నేర్చిన మొదటి నెలలోనే తెలిసే సంగతి. కోపంలో నేను ఎడమ ముక్కను తలకిందులుగా కోశాను.

ట్రయల్ రోజు గుమ్మం వెలుగులో చూస్తే కోటు కుడివైపు నలుపు, ఎడమవైపు నీలం. పెళ్లి మూడు రోజుల్లో ఉంది. ఎవరు కోశారని పెళ్లికొడుకు తండ్రి అడిగాడు. సత్తయ్య అనేశాను. సోమవారం నుంచి పనికి రావద్దని అందరి ముందే చెప్పాను కూడా. సత్తయ్య తల వంచుకున్నాడు.

యాదగిరి మిషను ఆపి లేచాడు. "సత్తయ్య కాజాలు కుట్టిండు సార్. కోసింది మా మాస్టరు" అన్నాడు.

పెళ్లిలోగా సరిచేసి ఇమ్మని చెప్పి వాళ్లు వెళ్లాక, సత్తయ్య పోతే టేబుల్ నీకే కదరా అని యాదగిరి మీద అరిచాను.

"నాకెరుకే మాస్టర్. గని ఆని చెయ్యి నాకంటె మంచిది. టేబుల్ ఆనిదే."

అని ఊరుకోలేదు. మా పనిలో కత్తెరను సొంత తమ్ముడికైనా ఇవ్వం, పదును ఒక చేతికే అలవాటు పడుతుందని. యాదగిరి తన కత్తెర తీసి సత్తయ్య చేతిలో పెట్టాడు. సత్తయ్య మిగిలిన గుడ్డలోంచి ఎడమ ముక్క మళ్లీ తీసి, చాలని చోట అతుకును కాలరు మడత కింద దాచేశాడు. కోటు పెళ్లికి అందింది.

ఆ ఆదివారం సండే స్కూల్లో నా పాఠం దావీదు, యోనాతానులది. సౌలు రాజు కొడుకు యోనాతాను తన అంగీని, కత్తిని, విల్లును దావీదుకు ఇచ్చేశాడు; అతను బతికితే సింహాసనం తనకు దక్కదని తెలిసీ అతని పక్షానే నిలిచాడు. ఏళ్ల తరబడి పిల్లలకు యోనాతానులా ఉండమని చెప్పినవాణ్ణి, ఆ రోజు సౌలు ఈర్ష్యతో దావీదు మీద ఈటె విసిరే చోటికి వచ్చేసరికి పుస్తకం మూసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం సత్తయ్యను క్షమాపణ అడిగి, టేబుల్ దగ్గర నిలబెట్టాను. నా కత్తెర యాదగిరికి ఇవ్వబోయాను. అతను అటూ ఇటూ తిప్పి చూసి, "వద్దు మాస్టర్, ఇది ఉల్టా కోస్తది" అన్నాడు.

ముగ్గురం పడీపడీ నవ్వాం. సౌలుకు ఈర్ష్య ఉన్నందుకు కాదు, కొడుకు యోనాతాను చెప్పినా చివరికి విననందుకే చెడ్డాడని నాకు అప్పుడు తెలిసింది. నాకు యాదగిరి చెప్పాడు, నేను విన్నాను.