మీట ముందు కూర్చున్న మామయ్య

మా మామయ్య పోయారు. అమలాపురం ఆసుపత్రి నుంచి అత్తయ్య ఫోన్ చేసేసరికి నేను కొత్తపేట స్కూల్లో పాఠం చెబుతున్నాను. "మీ మామయ్య వెళ్ళిపోయేరమ్మా. నిద్దట్లోనే. కంగారు పడకుండా నెమ్మదిగా రా" అంది. అంత దుఃఖంలోనూ ఆవిడకి ఆ మాట వచ్చింది. కంగారు పడకపోవడం ఆ ఇంటి అలవాటు. అదెలా వచ్చిందో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మామయ్య సముద్రం ఒడ్డున ఉన్న ఒక రాకెట్ కేంద్రంలో పనిచేశారు. ఆయన రాకెట్లు తయారుచేస్తారని బంధువుల్లో చాలామంది అనుకునేవారు. కాదు. లేచిన రాకెట్ దారి తప్పి ఊళ్ళ మీదికి తిరిగితే దాన్ని గాలిలోనే పేల్చెయ్యడం ఆయన పని. ముందు ఒక తెర, తెర మీద హద్దు గీతలు, వాటి మధ్య కదిలే చుక్క, చేతి దగ్గర ఒక మీట. "అందరూ రాకెట్ వెళ్ళాలని కూర్చునేవారు. నేనొక్కణ్ణే, వెళ్ళకపోతే ఏం చెయ్యాలా అని కూర్చునేవాణ్ణి" అనేవారు.

రిటైరయ్యాక మామిడికుదురు వచ్చి స్థిరపడ్డారు. ఏ దేశం రాకెట్ వదిలినా టీవీలోనో ఫోన్‌లోనో చూడాల్సిందే. ఉపగ్రహాలైతే కుర్చీలో వెనక్కి వాలి చూసేవారు. మనుషులు ఎక్కిన రాకెట్టయితే కుర్చీ అంచుకి జరిగేవారు. మొదటి నిమిషాల్లో ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. టీవీలో వాళ్ళు చప్పట్లు కొడుతున్నా ఆయన చేతులు మోకాళ్ళ మీదే ఉండేవి.

ఒక వేసవి సెలవుల్లో నేను అక్కడున్నప్పుడు, వేరే దేశంలో నలుగురు వ్యోమగాములతో రాకెట్ లేవబోతోంది. అంకెలు తగ్గుతూ తగ్గుతూ తీరా చివరికొచ్చాక ఆగిపోయాయి. ఏదో వాల్వు సరిగ్గా లేదట, ప్రయోగం వాయిదా. నేను ఉసూరుమన్నాను. మామయ్య మాత్రం హాయిగా వెనక్కి వాలి కాఫీ అడిగారు.

"ఆపేరంటే, అక్కడ ఎవరో మెలకువగా ఉన్నారన్న మాటమ్మా."

ఆయన అంత హాయిగా ఉన్నారన్న ధైర్యంతోనే అడిగాను, మీరెప్పుడైనా ఆ మీట నొక్కారా అని. కాఫీ తెస్తున్న అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయింది.

నొక్కారట, ఒక్కసారి. రాకెట్ బాగానే లేచింది. కాసేపటికి చుక్క పడమటికి జరగడం మొదలుపెట్టింది. పడమట ఒడ్డు పొడుగునా బెస్తపల్లెలు. సర్దుకుంటుందేమోనని చూశారు. సర్దుకున్నట్టే కనిపించి మళ్ళీ జరిగింది. వెనక నుంచి ఎవరో, ఇంకొంచెం చూద్దామండీ అంటున్నారు. చుక్క గీతని తాకింది. మామయ్య మీట నొక్కారు. ముక్కలన్నీ సముద్రంలో పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

మిగతాది అత్తయ్య చెప్పింది. ఆ ఉపగ్రహంలోని ఒక పరికరాన్ని ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసిన అమ్మాయి, వాళ్ళ క్వార్టర్స్‌లో పై వాటాలోనే ఉండేది. మామయ్య ఇంటికొచ్చి అన్నం ముట్టుకోకుండా తిన్నగా మెట్లెక్కి ఆమె తలుపు తట్టారు. భయమేసి అత్తయ్య వెనకాలే వెళ్ళింది. తలుపు తీసిన అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి.

"ఒక్క క్షణం ఆగి చూడాల్సింది సార్" అంది.

"ఆగితే నిజం తెలిసేదేమోనమ్మా. తెలిశాక ఆపడానికి టైము ఉండదు" అన్నారు మామయ్య.

ఆమె తలుపు వేసేసుకుంది. ఆ తర్వాత చాన్నాళ్ళు మెట్ల మీద ఎదురుపడ్డా తలొంచుకుని వెళ్ళిపోయేది. విచారణలో ఆయన చేసింది సరైనదేనని తేలింది. "సరైనదేనమ్మా. అయినా నొక్కిన చెయ్యి నాదే కదా" అన్నారు నాతో, ఇన్నేళ్ళ తర్వాత కూడా అరచెయ్యి చూసుకుంటూ.

ఆమె మళ్ళీ మొదట్నుంచీ ఇంకో పరికరం చేసింది. అది ఎగిరే రోజు పొద్దున్నే కిందికి దిగి వచ్చి అత్తయ్యని ఒకటే అడిగిందట, ఇవాళ ఆ సీట్లో సారే కదా కూర్చునేది అని. అవునమ్మా అంటే, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిందట.

మామిడికుదురులోనూ మామయ్య తీరు మారలేదు. ఆ మధ్య పక్కింట్లో పెళ్ళి. పందిట్లో వంటలు జరుగుతుంటే ఆయనకి గ్యాస్ వాసన తగిలింది. నేల కింద గ్యాస్ పైపులు పోయే ఊరు. వెళ్ళి పొయ్యిలన్నీ ఆర్పించి, జనాన్ని రోడ్డు అవతలకి నడిపించారు. పెళ్ళికూతురి తండ్రికి కోపమొచ్చింది.

"ఇంతమందికి భోజనాలెలా పెట్టమంటారండీ?"

"ఆయ్, తర్వాత ఎన్ని తిట్లయినా తిట్టండి. ముందు అవతలకి పదండి."

గ్యాస్ కంపెనీ మనుషులు వచ్చి పరికరాలతో వెతికారు. ఏమీ లేదు. మధ్యాహ్నం దాటాక వడ్డించారు. బంతిలో కూర్చున్నవాళ్ళు నవ్వుకుంటున్నారు. మామయ్య ఆఖరి బంతిలో కూర్చుని పప్పు కలుపుకుంటూ, "ఏమీ లేదని తేలడానికే కదండీ చూసింది" అన్నారు, నొచ్చుకోకుండా.

పెద్దకర్మ రోజు పొద్దున్న ఎక్కడో మనుషులతో రాకెట్ లేస్తోందని ఎవరో అన్నారు. ఆ రోజు టీవీ పెట్టొచ్చా అని పెద్దవాళ్ళు సందేహించారు. అత్తయ్యే పెట్టమంది. ఆ పై వాటా అమ్మాయి, ఇప్పుడు తల నెరిసిన మనిషి, రాజమండ్రిలో రైలు దిగి, రెండు బస్సులు మారి వచ్చింది. అత్తయ్య ఆమెని పక్కన కూర్చోబెట్టుకుంది. వడ్డనకి వచ్చినవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడిపోయారు.

రాకెట్ లేచింది. ఇల్లంతా ఒక్క మాట లేదు. కింది భాగం విడిపోయింది. మంట సన్నబడింది, మళ్ళీ వెలిగింది, ఆరిపోయింది. తెర మీద లోపలి గది కనిపించింది. బెల్టులు బిగించుకుని కూర్చున్న నలుగురు, వాళ్ళ ముందు దారానికి కట్టిన చిన్న గుడ్డ ఏనుగు.

"అదేంటమ్మా?" అని అడిగింది అత్తయ్య.

"బరువు పోయిందని తెలియడానికండీ. అది తేలిందంటే కక్ష్యలోకి చేరుకున్నట్టే."

ఆమె ఆ మాట అంటుండగానే దారం వదులైంది. ఏనుగు మెల్లగా లేచి, తిరిగి, ఒకరి హెల్మెట్‌కి తగిలి, ఏ తొందరా లేకుండా మళ్ళీ వెనక్కి తేలింది.