కొట్టేసిన పందొమ్మిదో మాట

పోయిన వారం మా కాలేజీ స్టాఫ్ రూములో కొత్తగా చేరిన లెక్చరరమ్మ తన ఫోన్లో ఒక వెబ్‌సైటు చూపించింది. కొన్ని అక్షరాలు కొడితే చాలు, వాటితో వచ్చే ఇంగ్లీషు మాటలన్నీ వరసగా పడతాయి. "మీరూ ఏవైనా చెప్పండి మేడం" అంది. ఆలోచించకుండానే నా నోటికి ఎనిమిది అక్షరాలు వచ్చినాయి. హెచ్, ఓ, ఎన్, ఇ, ఎస్, టి, ఎల్, వై. ఆ జాబితాలో నేను వెదికింది ఒకే ఒక్క మాట. ఉంది. "భలే గుర్తు పెట్టుకున్నారే, చిన్నప్పటి క్విజ్జా?" అని ఆమె నవ్వింది. మా అత్త సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక, బెల్లు కొట్టకముందే క్లాసుకి పోయినాను. పిల్లలు నన్ను ఎప్పుడూ చూడనట్టు చూసినారు.

అత్త అంటే మా నాయన చెల్లెలు. తనకల్లులో ఎనిమిదో తరగతి దాకా చదివి, ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలై పోయింది. గుంత మగ్గంలో కాళ్ళు దింపిందంటే మధ్యాహ్నం సంగటి పొద్దుకే లేచేది. ఆమెకి ఇంగ్లీషు పిచ్చి. మాట్లాడే పిచ్చి కాదు, ఒక్క వాక్యం మాట్లాడేది కాదు. 'హనీ'ని 'హోనే' అని చదివేది. అక్షరాలు విడదీసి మళ్ళీ కూర్చడం, అదీ ఆమె పిచ్చి. చీరలు కొనే సావుకారు అంగడికి ఒక ఇంగ్లీషు వారపత్రిక వచ్చేది. ఆయన బొమ్మలు చూసి పక్కన పారేస్తే, పిల్లల పేజీ ఒకటి అడిగి తెచ్చుకొని, అందులోని అక్షరాలు మగ్గం గుంజ మీద సుద్దముక్కతో రాసుకొని, వారమంతా నేస్తా వెదికేది. మా మామ ఎదురు మగ్గం నుంచి, "మీయత్త చీర అంచులో ఏబీసీడీలు నేయకుంటే సాలమ్మా" అని నాతో నవ్వేవాడు.

నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి బీయే ఇంగ్లీషు రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు ఆ పత్రికలో ఒక పోటీ పడింది. ఇందాక చెప్పిన ఎనిమిది అక్షరాలే. ప్రతి మాటలో నాలుగక్షరాలైనా ఉండాలి, వై తప్పకుండా ఉండాలి. తప్పు మాట ఒక్కటి పంపినా జాబితా మొత్తం చెల్లదు. ఎక్కువ మాటలు పట్టిన వాళ్ళందరికీ తలా ఒక పెద్ద డిక్షనరీ. ఎనిమిదీ కలిపితే 'ఆనెస్ట్‌లీ' వస్తుంది, నిజాయితీగా అని అర్థం. అది అత్తకి రెండో రోజే దొరికింది. మొత్తం పందొమ్మిది మాటలు పట్టి, సెలవుకి పోయిన నా చేతికి కవరిచ్చింది. "మీ కాలేజీలో పెద్ద డిక్షనరీ ఉండాదంట కదా పాపా. అన్నీ సూసి, తప్పుంటే కొట్టేసి పోస్టు చెయ్."

హాస్టలుకి తిరిగొచ్చిన సాయంత్రం స్నేహితురాళ్ళు సినిమాకి టికెట్లు తీసినారు. నేను లైబ్రరీకి పోలేదు. సినిమాకి బయల్దేరే ముందు జాబితా పైపైన చూసినాను. పద్దెనిమిది నాకు తెలిసినవో, విన్నట్టు ఉన్నవో. చివరిది ఎస్, ఎల్, ఇ, వై. అట్లాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఇంగ్లీషు చదివేదాన్ని, నాకు తెలీని మాట మా అత్తకెట్లా తెలుస్తుంది? కొట్టేసి, దారిలో పోస్టు డబ్బాలో వేసినాను. తర్వాత పోయినప్పుడు ఆ ఒక్కటి కొట్టేసినానని చెప్తే అత్త అడిగింది, "అది లేదా? మగ్గం ట్రైనింగులో మాస్టరు నేర్పించినాడే. పోగును దగ్గరికి గుద్దే పలకని ఇంగ్లీషులో స్లే అంటారని బోర్డు మీద రాసినాడు." నేను తడుముకోకుండా, "పెద్ద డిక్షనరీలోనే చూసినా అత్తా, లేదు" అన్నాను. అత్త "మాస్టరే తప్పు రాసినాడేమోలే" అంది.

నెల తర్వాత ఒక పొద్దున అత్త హాస్టలు గేటు దగ్గర నిలబడి ఉంది. ఒంటరిగా రైలెక్కి వచ్చింది. సంచిలోంచి మడిచిన పేజీ తీసి చూపించింది. గెలిచిన వాళ్ళు పట్టినవి పందొమ్మిది మాటలు. కింద అచ్చయిన జవాబుల్లో స్లే ఉంది. కోపంగా లేదు. "ఆ డిక్షనరీ సూపీ పాపా. దాంట్లో యాడ లేదో సూస్తా" అంది.

హాస్టలు నుంచి లైబ్రరీకి ఐదు నిమిషాల నడక. చెప్పేస్తే సరిపోయేది. ముందు నడిచి దారి చూపించినాను. అత్త బల్ల ముందు కూర్చుని, కొంగుతో చేతులు తుడుచుకొని, ఆ లావు పుస్తకం పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ఎస్ వచ్చింది. ఎస్, ఎల్ వచ్చింది. వేలు ఒకచోట ఆగింది. అప్పుడు చెప్పినాను, "నేను చూడలేదత్తా. చూసినానని అబద్ధం చెప్పినా."

అత్త పుస్తకం మూసింది. సంచి తీసుకొని స్టేషనుకి బయల్దేరింది, నేనూ వెంట పోయినాను. రైలొచ్చే ముందు అంది, "పుస్తకం పోతే పోనీ. దినామూ సేత్తో పట్టుకునే దాన్ని నువ్వు లేదంటివి. నీ మాట ఇని నేనూ లేదనుకుంటి సూడు, అదీ నాకు సిగ్గు."

నాతో మాట్లాడడం మానలేదు. పోతే పక్కన కూర్చోబెట్టుకొని సంగటి పెట్టేది. పోటీలకీ పంపేది. జాబితా మాత్రం నాకు చూపించేది కాదు. నేను పోతే గుంజ మీది అక్షరాల మీదికి కొంగు జారేది. లైబ్రరీకి పోయిన ఆ రోజు నుంచి నాలుగేండ్లకి, నేను ఎమ్మే ముగించి ఉద్యోగంలో చేరినాక, ఒక రోజు వక్కాకు నములుతూ కవరొకటి నా ముందుకు తోసింది. "ఇవి సూడు పాపా. తొందరేం లేదు." ఇరవైరెండు మాటలు. క్యాట్, మ్యాట్ లాంటి వాటిక్కూడా డిక్షనరీ తెరిచి చూసినాను.

ఆ తర్వాత ముప్పయ్యేండ్లు ఎట్లా గడిచినాయో అడిగితే చెప్పలేను. జాబితా చూపించని ఆ నాలుగేండ్లు మాత్రం ఇప్పటికీ నెలలతో సహా గుర్తున్నాయి.