అచ్చియ్యమ్మ గారి సొట్టగిన్నె

మా అచ్చియ్యమ్మ పిన్నిగారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆవిడ గిన్నె ఎవరింటికైనా వెళ్ళిందంటే ఖాళీగా తిరిగి రాకూడదు. ఇందులో వింతేముంది, చెంచాడు పంచదారో రెండు అరటిపళ్ళో వేసి అందరూ ఇస్తారు కదా అంటారు మీరు. అలా అనేవాళ్ళెవరూ చోడవరంలో మా వీధిలో కాపురం ఉండలేదు. పిన్నిగారి గిన్నెలో పడేది ఆ ఇంట్లో, ఆ పూట, ఆ పొయ్యి మీద ఉడికిందే అయి ఉండాలి. కొన్నది చెల్లదు. నిన్నటిది అసలే చెల్లదు.

ఆ గిన్నె సంగతి కూడా చెప్పాలి. ముగ్గురికి సరిపడా కూర పట్టే స్టీలు గిన్నె, ఒక పక్క సొట్ట. అంచు మీద చుక్కలు చుక్కలుగా 'ఎ. అచ్చియ్యమ్మ, చోడవరం' అని పేరు కొట్టించి ఉంటుంది. వీధిలో మాకెవరికీ పోలీసు జీపంటే భయం లేదు గానీ ఆ గిన్నె గుమ్మంలో కనబడితే మాత్రం గుండె ఝల్లుమంటుంది.

నాకు బస్టాండు దగ్గర జిరాక్సు షాపు. మా ఆవిడ కృపామణి పాడేరు అవతల హాస్టలు బళ్ళో టీచరు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారే వెళ్ళిపోతుంది. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది నేనూ, నాలుగో తరగతి చదివే మా ఆశ్రితా. మా వంట రెండు నిమిషాల్లో అయిపోయేది. పొద్దున్న నూడుల్స్, సాయంత్రం బేకరీ పఫ్‌లు, ఆ పైన పరోటా పార్సిలు. ఆశ్రిత సంతోషానికి హద్దుల్లేవు. నిజం చెప్పొద్దూ, నాకూ లేవు.

సెప్టెంబరులో స్కూల్లో హెల్త్ క్యాంపు పెట్టి పిల్లలకి రక్తం చూశారు. ఆశ్రితకి హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. డాక్టరుగారు మాత్రలు రాసి, మాత్రలొక్కటే చాలవు, తిండి కూడా మారాలి అన్నారు. కృపామణి ఆ కాగితం చదివి నా వంక చూసింది.

"క్రిస్మస్ ముందు మళ్ళీ టెస్టు చేయిద్దాం. పదకొండు దాటలేదనుకోండి, గుంటని నాతో తీసుకుపోయి అక్కడే బళ్ళో వేసేస్తాను. మీరూ మీ నూడుల్సూ ఈ ఇంట్లో సుఖంగా ఉందురు గాని."

నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ మాట నాకు నవ్వులాట కాదు. ఆశ్రిత లేకపోతే నాకది ఇల్లే కాదు. అలాగని నాకు వంట వచ్చా? నాకు వచ్చిందల్లా మిషన్‌లో టోనరు మార్చడం.

రెండు రోజుల తర్వాత సొట్టగిన్నె మా గుమ్మంలో దిగింది, నిండా మునగాకు పప్పుతో.

"సెత్తబండికి మీరేసే కవరు రోజూ సూస్తన్నాను బాబూ" అన్నారు పిన్నిగారు. "నెల్లాళ్ళయి ఒక్క ఆనపకాయ తొక్క లేదు, ఒక్క తోటకూర కాడ లేదు. తొక్క లేని ఇల్లు ఇల్లేటి? ఇది తినండి. గిన్నె మాత్రం కాళీగా పంపకేం."

ఆశ్రిత మూడు ముద్దలు తిని లేచిపోయింది. నేను మర్యాదగా గిన్నెలో రెండు పఫ్‌లు పెట్టి ఇచ్చి వచ్చాను. పది నిమిషాల్లో పిన్నిగారు గిన్నెతో సహా ప్రత్యక్షం. పఫ్ కింద పేపరు ముక్క తీసి ఎండకి ఎత్తి పట్టుకున్నారు.

"సదువు."

"ఏం చదవమంటారు పిన్నిగారూ?"

"అవతల పేజీలో వార్త. నూనికి ఇటే కనపడతంది."

చదివాను. దేవరాపల్లిలో దూడలకి టీకాలట. పొల్లు పోకుండా కనబడుతోంది.

రెండోసారి పంచదార పోసి పంపాను. "నానేటి సీమనా?" అని కబురొచ్చింది.

మూడోసారి సిగ్గు విడిచి ఒక పని చేశాను. వడ్డాది వెళ్ళే షేర్ ఆటోలో సీటు కింద ఆ గిన్నె వదిలేసి వచ్చేశాను. పోయిందని చెప్పి ఏడుపు ముఖం పెడదామని ప్లాను. సాయంత్రానికల్లా ఆటో సత్తిబాబు మా షాపు ముందు బ్రేకు వేశాడు.

"మీ వీధిలో అచ్చియ్యమ్మ గారి గిన్నండి. పేరుంది సూడండి. మా ఇంటిది గుమ్మడికాయ పులుసు ఏసింది. కాళీగా ఇస్తే ఆవిడ ఊరుకోరటగదండీ!"

వడ్డాది దాకా పాకిందన్నమాట భయం. ఇంక గత్యంతరం లేక పొయ్యి వెలిగించాను.

మొదటి రోజు కందిపప్పు. "గలగల్లాడతంది. గిలక్కాయ సేసేవేటి?" అన్నారు. తర్వాత తోటకూర. "కూర బాగానే ఉంది, ఇసకే తగ్గించు. ఇల్లు కట్టుకోడానికి కాదు కదా." ఆ తర్వాత ఉలవచారు. ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఉప్పు సూసేవేటి?"

"లేదండి."

"ఎవులో ఒకలు సూడాల కదా! ఆ గుంట సేత సూపించు."

అలా మా ఆశ్రితకి ఉద్యోగం దొరికింది. తినమంటే మూతి ముడిచే పిల్ల, ఉప్పు చూడమంటే గరిటె పట్టుకుని తయారు. "తెలవట్లేదు నాన్నా, ఇంకో గరిటె వెయ్యి" అంటుంది. ఉప్పయ్యాక కారం, కారం అయ్యాక పులుపు. కొన్నాళ్ళకి "అన్నంలో కలిపితే ఉప్పు వేరేగా తెలుస్తాది" అని కనిపెట్టి పళ్ళెం వేసుకుని మరీ చూడటం మొదలెట్టింది. పిన్నిగారి చేత మాట పడకూడదని మా ఇద్దరికీ ఒకటే పట్టుదల. ఆధార్ జిరాక్సుకి వచ్చినవాళ్ళని పట్టుకుని "ఉలవలు ఎంతసేపు నానబెడతారండీ?" అని అడిగేవాణ్ణి. రావికమతం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆధార్ కాపీ మీద నా పసుపు వేలిముద్ర ఈనాటికీ ఉంది.

ఒక్కటే నాకు మంట. మొదట్లో గిన్నె నిండుగా వచ్చేది. దసరా అయ్యేసరికి సగమే. నవంబరులో అడుగున రెండు కరివేపాకు రెబ్బలు! మేం మాత్రం నిండా నింపి పంపాలి. ముసలావిడ రెండు రెబ్బలిచ్చి మా ఇంటి కూరంతా లాగేస్తోందని నేను గొణుక్కోని రోజు లేదు.

డిసెంబరులో టెస్టు చేయించాం. ఆ కాగితం మడత విప్పకుండానే జేబులో పెట్టుకోబోయాను. కృపామణి లాక్కుని చదివింది. మళ్ళీ చదివింది.

"పదకొండున్నర!" అంది. "వంటెవరు చేశారు?"

"నేనే."

"నిజం చెప్పండి."

"నాన్నేనమ్మా" అంది ఆశ్రిత. "ఉప్పు నేను."

సొట్టగిన్నెలో నేను చేసిన నువ్వులుండలు పెట్టుకుని ముగ్గురం పిన్నిగారింటికి వెళ్ళాం. గిన్నె సంగతంతా దారిలో విన్న కృపామణి ఆవిడ చేతులు పట్టుకుంది. "మీరు ఆ గిన్నెలో పెట్టి పంపబట్టే పిన్నిగారూ..."

"నానేటి పెట్టేను? రెండు కరేపాకు రెబ్బలు. నాను పెడితే నా గిన్నె వచ్చినన్నాళ్ళే తింటారు. మీ పొయ్యి ఎలగాల కదా! మొదట గిన్నె తెచ్చే ముందు రోజు పించను కాగితం జిరాక్సుకి ఎళ్ళేను. ఈ బాబు మిషనెనకాల ఫోన్లో ఎవులికో సెప్పుకుని కళ్ళు తుడుసుకుంటన్నాడు. గుంట ఎళ్ళిపోద్దని ఆడి బెంగ."

నన్నెవరూ చూడలేదనుకున్నాను. తల వంచుకుని, "మరి నా కూరలన్నీ పాపం మీరే తిన్నారా?" అన్నాను.

"నాకేటి కర్మ! మొదటి నెల మా గేదె తింది. రెండు రోజులు పాలివ్వడం మానేసింది. కార్తీకం నుంచే నాను తింటన్నాను."

అని నవ్వి, లోపలికెళ్ళి తళతళలాడే కొత్త గిన్నె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. అంచు మీద నా పేరు, 'కె. సత్యరాజు, చోడవరం' అని చుక్కలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మూలింట్లో శివాజీ, ప్రవల్లికా అని కొత్తగా దిగేరు. ఇద్దరికీ ఉజ్జోగాలు. సెత్త కవర్లో ఒక్క తొక్క లేదు. ఎల్లు."

మర్నాడు ఆ గిన్నె నిండా పొన్నగంటి కూర పెట్టి ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి తిరిగొచ్చింది, రెండు పఫ్‌లతో. నేను పేపరు ముక్క తీసి వెలుగుకి ఎత్తి పట్టుకుని, "చదువు" అన్నాను ఆశ్రితతో.

గడగడా చదివేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గరిటె పట్టుకొచ్చింది.

"ఎక్కడికే?"

"ఆళ్ళింటికి. పాపం, ఆళ్ళకి ఉప్పు సూసేవోళ్ళు లేరు కద నాన్నా!"