వెండి ఫిలిం

కల్వకుర్తి రోడ్డు మీద ఎల్లస్వామి కార్ల సామాన్ల దుకాణంలో అద్దాలకు ఫిలిం వేసేది త్రివేణి. గొర్ల కాపరి పర్వతాలు బిడ్డ. జడ్చర్లలో ఆరు నెలలు పని నేర్చుకుని వచ్చింది. సబ్బునీళ్లు చల్లి ఫిలిం పరిచి రబ్బరు పట్టీతో తోసిందంటే ఒక్క బుడగ మిగలదు.

ఆ ఎండాకాలం చుట్టుపక్కల ఊళ్లలో పట్టపగలే మేకలు మాయమవుతున్నాయి. కాపరి కునుకు తీసేలోపు ఏదో కారు ఆగడం, రెండు మేకలు పోవడం. త్రివేణి తల్లి గోపమ్మ మందలోనూ మూడు పోయాయి.

ఒక మధ్యాహ్నం ఎల్లస్వామి అన్నానికి ఇంటికి పోయిన వేళ తెల్లకారు వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు.

"లోపలేమున్నదో బయటికి కనబడొద్దు. గసుంటిది ఎయ్యి," అన్నాడు బొద్దు మీసాలవాడు.

"రంగు ఫిలిం అగ్గువనే గని, రెండెండలకే ఊదరంగైతదన్నా. సిరామిక్ వేడిని ఆపుతది, గని లోపల కనబడ్తది..."

"ఎండ ముచ్చట నీకెందుకు? కనబడొద్దన్న!"

అద్దం తుడవడానికి వెనక తలుపు తీసింది త్రివేణి. లోపల సీటు లేదు. గోనెసంచులు పరిచి ఉన్నాయి. మూలన ఎండిన పెంటికలు, బోల్టుకు చిక్కుకున్న నల్లబొచ్చు. మేకపోతు కంపు గుప్పుమంది.

"ఏం జూస్తున్నవ్?" వెనకనుంచి గొంతు.

"దుమ్మున్నదన్నా, తుడుస్తున్న."

ఆమె ఫోన్ బల్ల మీద, మీసాలవాడి మోచేతి పక్కనే ఉంది. అరిస్తే వినేవాళ్లు లేరు.

"నల్లదైతే పోలీసోళ్లు దూరంకెల్లే ఆపుతరు. వెండి ఫిలిం ఎయ్యాల్నా? బయటోళ్లకు వాళ్ల మొకమే కనబడ్తది, అద్దం లెక్క," అంది.

వాడు తలూపాడు. బయట వెలుతురు ఎక్కువున్నంత సేపే ఆ ఫిలిం దాస్తుందని, చీకటిపడ్డాక లోపల దీపం వెలిగితే అంతా బయటపడుతుందని ఆమె చెప్పలేదు. గంటసేపు వాళ్ల చూపులు వీపుకు గుచ్చుకుంటుండగా పని చేసింది. కారు కదిలాక నంబరు రాసుకుంది. ఆ సాయంత్రమే పర్వతాలు దాన్ని పోలీస్‌స్టేషన్‌లో చెప్పి వచ్చాడు.

నాలుగో రోజు మసక చీకట్లో రోడ్డు మీద పోలీసులు నంబరు చూసి ఆ కారును ఆపారు. లోపల మేక అరిచింది. దాని మూతి కట్టడానికి ఎవడో సెల్లు లైటు వేశాడు. కట్టేసిన మేకల కాళ్లు వెండి అద్దంలోంచి కానిస్టేబుల్‌కు కనబడ్డాయి.

రెండు వారాలకు మీసాలవాడు బెయిలు మీద వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు.

"లైటేస్తే కనబడ్తదని ఎందుకు చెప్పలే?"

త్రివేణి రబ్బరు పట్టీ బల్ల మీద పెట్టింది. "లోపల లైటేస్తమని మీరు చెప్పలే గదన్నా," అంది. ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

ఎల్లస్వామి లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. వాడు ఆమె ముఖం వైపే చూసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

అయినా ఏడాది పాటు పర్వతాలు పొద్దుగూకకముందే వచ్చి బిడ్డను బండి మీద తీసుకుపోయేవాడు.

"గీ పనొద్దు బిడ్డా, మంద కాడికి రా," అన్నాడొకనాడు.

"మంద కాడ భయం లేదా, బాపూ?"

ఆయన బండి స్టార్టు చేసి, ఆమె ఎక్కేదాకా ఆగాడు.