రైఫిల్‌కి ఒక్క తాడు తక్కువ

దయ్యాల కథలు వింటే నాకు నవ్వొస్తుంది. బేగంపేటలో ఒక బీమా ఆఫీసులో క్లెయిమ్‌లు చూసే ఉద్యోగం నాది. ఎదుటివాళ్లు చెప్పేదాంట్లో అబద్ధం ఎక్కడుందో వెతకడమే నా పని. చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెబుతున్నా నా బుర్ర ఆధారాలడుగుతుంది. అమ్మ ఉన్నన్నాళ్లూ ఈ బుద్ధికి నన్ను తిట్టిపోసేది. కాబట్టి నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సీతాఫల్‌మండి. నాన్న సైన్యంలో తుపాకులు బాగుచేసే హవల్దారు. రిటైరయ్యాక కూడా కంటోన్మెంట్‌లో ఒక చిన్న మ్యూజియంకి వెళ్లి, పాత ఆయుధాలు తుడిచి నూనె రాసి వచ్చేవాడు. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి స్నైపర్ రైఫిల్ ఒకటి ఉంది. పేలకుండా చేసి అద్దాల బీరువాలో పెట్టారు. దుర్భిణి మిగిలింది గానీ తక్కిన సామాన్లు ఎప్పుడో పోయాయి. భుజానికి తగిలించే పట్టీ లేదు, చెంప ఆనించుకునే చెక్క లేదు, దుర్భిణి అద్దాలకి వేసే తోలు మూతలు లేవు. తుపాకీ గొట్టం శుభ్రం చేసే తాడూ లేదు. దాన్ని పుల్‌త్రూ అంటారు. ఒక కొసన ఇత్తడి బరువుంటుంది. చుట్ట చుట్టి రైఫిల్ వెనక చెక్కలో, చిన్న ఇత్తడి మూత కింద దాస్తారు. ఒకసారి నాన్న నాచేత టార్చి పట్టించి ఆ కన్నం చూపించాడు. లోపల దుమ్ము తప్ప ఏమీ లేదు.

అమ్మ పోయాక నాన్నకి మిగిలిన ధ్యాస ఇదొక్కటే. "దాన్ని నిండుగా చేసి పోతానే" అనేవాడు. నాకు విసుగొచ్చేది. విసుక్కుంటూనే నెట్‌లో వెతికేదాన్ని, ఆదివారం చర్చి అయ్యాక మోండా మార్కెట్ వెనక సందుల్లో పాత సామాన్ల దుకాణాలు తిరిగేదాన్ని.

ముందు పట్టీ దొరికింది. నాన్న దాన్ని తగిలించి, పెళ్లికొడుకులా మురిసిపోతూ ఇంటికొచ్చాడు. కొద్ది రోజులకే ఎడమ చెయ్యి పడిపోయింది. చిన్న స్ట్రోక్ అన్నారు. బీపీ, షుగరు, వయసు. నాకే అనుమానమూ రాలేదు.

చెక్క వేరే ఊరినుంచి కొరియర్‌లో వచ్చింది. మ్యూజియం చూసుకునే నర్సింగ్ పట్టుకుంటే, నాన్న ఒంటిచేత్తో స్క్రూలు బిగించాడు. ఆ నెలలోనే ఒక పొద్దున టీ తాగుతుంటే టీ కుడివైపు నుంచి కారిపోయింది. కుడి చెంప జారిపోయింది. తోలు మూతలు మోండాలో యాదగిరి కొట్లో దొరికాయి. వాటిని తొడిగి వచ్చాక కుడి కంట్లో రక్తం చిమ్మి చూపు పోయింది. షుగరున్న వాళ్లకి ఇలా అవుతుందని డాక్టరు చెప్పాడు. నిజమే, అవుతుంది. అలాంటి కేసులు ఎన్నో చూశాను.

ఆ తర్వాత నాన్న ఇల్లు కదల్లేదు. ఒకరోజు నేను అన్నం కలిపి పెడుతుంటే మామూలుగా అన్నాడు: "పట్టీ చుట్టుకునేది ఎడమ చేతికే. ఆనేది కుడి చెంపే. గురి చూసేది కుడి కంటితోనే."

నాకు ఒళ్లు మండింది. పిచ్చి మాటలు ఆపమని అరిచాను. ఆయన సగం మొహంతో నవ్వాడు. "ఇంక గొట్టం ఒక్కటేగా మిగిలింది. కానీయ్, వెతుకు."

ఆ "కానీయ్" నాకు గుచ్చుకుంది. నేను ఉన్నానన్న మాటే ఆయనకి గుర్తు లేనట్టనిపించింది.

వెతకడం మానేశాను. కానీ యాదగిరికి ఎప్పుడో చెప్పి ఉంచాను కదా, ఫోన్ చేశాడు. వెళ్తే ఇత్తడి బరువున్న తాడు చేతిలో పెట్టాడు. "మీరు అడిగిన తాడు గిదేనా మేడమ్? జెర చూడున్రి."

అదే. తెచ్చి అమ్మ కుట్టు సామాన్ల డబ్బాలో దాచి, డబ్బాని ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాను. రోజూ సాయంత్రం నాన్న అడిగేవాడు. దొరకలేదు నాన్నా అనేదాన్ని. దేన్నీ నమ్మనిదాన్ని, ఒక తాడుని తాళం వేసి దాచాను. నాన్న మాత్రం దిగులుతో తిండి తగ్గించేశాడు.

ఒక పొద్దున ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. ఖాళీ గొట్టంలోంచి వచ్చినట్టు గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ స్ట్రోక్. ఇక మాట రావడం కష్టమన్నారు.

ఆస్పత్రి నుంచి వచ్చి నేను చేసిన మొదటి పని ఆ డబ్బా తెరవడం. తాడు పెట్టిన చోటే ఉంది. అది రైఫిల్‌కి చేరకుండానే మాట పోయింది, అంటే దేనికీ దేనితోనూ సంబంధం లేదు. ఊపిరి పీల్చుకున్నాను. వెంటనే ఏడుపొచ్చింది. ఉత్త భయంతో నాన్నకి ఉన్న ఒక్క కోరికకీ అడ్డం పడ్డాను. కనీసం ఇప్పుడైనా తీరుద్దామని తాడు తీసుకుని మ్యూజియంకి వెళ్లాను.

నర్సింగ్ బీరువా తెరిచి రైఫిల్ కిందికి దించాడు. ఇత్తడి మూత నేనే తీశాను.

లోపల పుల్‌త్రూ ఉంది.

బయటికి లాగితే వేళ్లకి కొత్త నూనె అంటింది. ఎనిమిది అంకెలా చుట్టి, నడుముకి రెండు చుట్లు వేసి, కొస లోపలికి దోపి ఉంది. మా ఇంట్లో ఫోన్ ఛార్జర్ నుంచి దండెం తాడు దాకా నాన్న చుట్టేది అలాగే. రెండు చేతులూ ఉంటే తప్ప ఆ చుట్ట కుదరదు.

నర్సింగ్ మొహం పాలిపోయింది. "సార్ వచ్చి పోయినంక నేను గీ బీరువా తెరవనే లే మేడమ్. తాళంచెవి సుత నా తాననే ఉంటది. మీ ఏసు ప్రభువు తోడు."

అతను అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం నాకు తెలుస్తుంది. మరి ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. నేను తెచ్చిన తాడు మళ్లీ కుట్టు డబ్బాలోకే చేరింది.

నాన్న మంచంలోనే ఉన్నాడు. రైఫిల్ నిండుగా ఉందని ఆయనకి చెప్పలేదు. తెలిస్తే ఇంక దేనికోసం ఉంటాడు? నేను ఆఫీసు నుంచి రాగానే ఆ ఒక్క కంటితో నా వైపు చూస్తాడు.

"ఇంకా దొరకలేదు నాన్నా" అంటాను.

పర్లేదులే అన్నట్టు, కుడి చేత్తో నా చెయ్యి తడతాడు.